జవాబు రాని దరఖాస్తు
పాఠకుల ప్రశ్నలు – సమాధానాలు

ఈ నెల మాకు అందిన ఉత్తరాలలో చాలావరకు ఒకే బాధ చెప్పుకున్నాయి. ఉద్యోగం పోయింది, భృతికి దరఖాస్తు పెట్టుకున్నాము, నెలలు గడుస్తున్నా డబ్బూ రాలేదు, కాదన్న మాటా రాలేదు అని. అందువల్ల ఈసారి శీర్షిక మొత్తాన్ని ఆ ఉత్తరాలకే కేటాయించాను. ఎన్నికల సభల్లో వినిపించే నిరుద్యోగ భృతి వేరు, ఇక్కడ చర్చించేది వేరు. 2018 అక్టోబరు 2న ఆంధ్రప్రదేశ్‌లో మొదలైన ముఖ్యమంత్రి యువనేస్తం వంటి పథకాలు చదువు పూర్తయినా ఉద్యోగం దొరకని యువత కోసం పెట్టినవి. మన పాఠకులు అడుగుతున్నది, జీతంలోంచి నెలనెలా ఈఎస్ఐ (ఉద్యోగుల రాజ్య బీమా సంస్థ) చందా కోయించుకొని, ఆ తర్వాత పని పోగొట్టుకున్నవారికి ఆ సంస్థ ఇవ్వవలసిన సాయం గురించి. దానికి రెండు పథకాలున్నాయి. ఒకటి 2005 ఏప్రిల్ 1 నుంచి ఉన్న రాజీవ్ గాంధీ శ్రామిక్ కల్యాణ్ యోజన. రెండోది 2018 జులై 1న రెండేళ్ళ ప్రయోగంగా మొదలై, విడతలవారీ పొడిగింపులతో నడుస్తూ వచ్చిన అటల్ బీమిత్ వ్యక్తి కల్యాణ్ యోజన. పొడిగింపుల మీద నడిచే పథకం కనుక, మీ ఉద్యోగం పోయిన తేదీ అమలు గడువులో ఉందో లేదో బ్రాంచి కార్యాలయంలో ముందుగా అడిగి తెలుసుకోండి.

ప్రశ్న: పటాన్‌చెరు దగ్గర ఒక మందుల కంపెనీ ప్యాకింగ్ విభాగంలో ఆరేళ్ళు పనిచేశాను. ఫిబ్రవరి నెలాఖరున షిఫ్టు ముగిసే వేళ పిలిచి, రేపటి నుంచి రావద్దన్నారు. కాగితం ఏదీ ఇవ్వలేదు. ఏప్రిల్ మొదటి వారంలో ఆన్‌లైన్‌లో అటల్ పథకం కింద క్లెయిము పెట్టాను. నాలుగు నెలలయింది. బ్రాంచి కార్యాలయానికి ఐదుసార్లు వెళ్ళాను. వెళ్ళిన ప్రతిసారీ “మీ కంపెనీ నుంచి రావాలి” అంటున్నారు. కంపెనీ గేటు దగ్గర సెక్యూరిటీ నన్ను లోపలికి వదలడం లేదు. ఏం చేయమంటారు?

జవాబు: “కంపెనీ నుంచి రావాలి” అన్న మాటతోనే మీ నాలుగు నెలలూ గడిచిపోయాయి కనుక, రావలసింది ఏమిటో ముందు తేల్చుకుందాం. పథకం మొదలైన కొత్తలో దరఖాస్తును చివరి యజమాని ద్వారానే పంపవలసి ఉండేది. 2020 ఆగస్టు 20న ఈఎస్ఐ కార్పొరేషన్ తీసుకున్న నిర్ణయంతో ఆ పద్ధతి మారింది. కార్మికుడు నేరుగా బ్రాంచి కార్యాలయానికి దరఖాస్తు చేసుకోవచ్చు, డబ్బు నేరుగా అతని బ్యాంకు ఖాతాలో పడుతుంది. ఉద్యోగం పోయాక 90 రోజులు ఆగాలన్న షరతు 30 రోజులకు తగ్గింది, సగటు దినసరి వేతనంలో 25 శాతంగా ఉన్న సాయం 50 శాతమైంది. అందుచేత దరఖాస్తు మీద కంపెనీ సంతకం తెమ్మని ఎవరైనా అంటే అది పాత నియమమని మర్యాదగానే చెప్పండి. మీరు నిజంగా నిరుద్యోగిగా ఉన్నారా లేదా అని నిర్ధారించుకోవడం మాత్రం అవసరమే. అది మీ పని కాదు, కార్యాలయం పని.

అయితే ఆ నిర్ధారణ ఎక్కడ చిక్కుకుంటుందో తెలిస్తే మీ పని సగం తేలికవుతుంది. ప్రతి కంపెనీ నెలనెలా ఈఎస్ఐ పోర్టల్‌లో ఒక పట్టిక నింపుతుంది. అందులో ఒక్కొక్క కార్మికుని పేరుకు ఎదురుగా ఆ నెల పనిచేసిన రోజులు, జీతం రాస్తారు. రోజులు సున్నా అయినప్పుడు, ఎందుకు సున్నా అయ్యాయో తెలిపే అంకె ఒకటి వేయాలి. 1 అంటే సెలవులో ఉన్నారని, 2 అంటే ఉద్యోగం వదిలారని, 3 అంటే పదవీ విరమణ చేశారని, 10 అంటే సిబ్బంది తగ్గింపులో తీసేశారని, 11 అంటే పని లేదని అర్థం. 2, 10 వంటివి వేస్తే చివరి పనిదినం ఏ తేదీయో కూడా నింపాలి. 1 వేస్తే ఆ తేదీతో పని లేదు. నెలాఖరు హడావిడిలో ఉన్న గుమస్తా 1 వేసి ఊరుకున్నాడనుకోండి, మీరు ఇంట్లో కూర్చొని నాలుగు నెలలైనా, కంప్యూటరు లెక్కలో మాత్రం ఇంకా సెలవులో ఉన్న ఉద్యోగే. నేను చూసిన ఆలస్యాలలో ఎక్కువ భాగం ఈ ఒక్క గడిలోనే పుట్టాయి. పోర్టల్‌లో మీ బీమా నంబరుతో లోపలికి వెళ్ళి చందా వివరాలు చూసుకోండి. కారణం అంకె అక్కడ కనబడకపోతే బ్రాంచి కార్యాలయంలో “మా యజమాని నా పేరు ఎదుట ఏ కారణం వేశారు, చివరి పనిదినంగా ఏ తేదీ రాశారు” అని ఆ మాటల్లోనే అడగండి.

ఆ తర్వాత గేటు దగ్గరికి వెళ్ళవద్దు. కంపెనీకి స్పీడ్ పోస్టులో ఉత్తరం రాయండి. ఫలానా తేదీ నుంచి నన్ను పనిలోకి రానివ్వలేదు, నా బీమా నంబరు ఫలానా, నా చివరి పనిదినాన్ని, తొలగింపు కారణాన్ని పోర్టల్‌లో సరిగా నమోదు చేయండి అని రాస్తే చాలు. తిట్లు, శాపాలు అక్కరలేదు. ఆ ఉత్తరం నకలును, పోస్టాఫీసు రసీదు నకలుతో కలిపి, బ్రాంచి మేనేజరు పేర రాసిన మరో దరఖాస్తుకు జతచేసి, మీ దగ్గర ఉంచుకొనే ప్రతి మీద తేదీతో ముద్ర వేయించుకోండి. ఇన్‌వార్డు గుమస్తా వేసే ఆ గుండ్రటి ముద్ర, ఐదుసార్లు కౌంటరు దగ్గర నిలబడి మాట్లాడి వచ్చినదానికంటే విలువైనది. మీరు వెళ్ళిన ఆ ఐదుసార్లకూ ఆ కార్యాలయంలో ఏ ఆనవాలూ లేదు కదా!

రెండు మూడు వారాలు చూసినా కదలిక లేకపోతే ప్రాంతీయ కార్యాలయానికి, దానితోపాటు కేంద్ర ప్రభుత్వ ఫిర్యాదుల పోర్టల్ సీపీగ్రామ్స్‌కు ఎక్కించండి. అక్కడికి చేరిన ఫిర్యాదును 21 రోజుల్లో పరిష్కరించాలని 2024 ఆగస్టులో కేంద్రం మార్గదర్శకాలు ఇచ్చింది. ఈఎస్ఐ కార్యాలయాలు సువిధ సమాగమం పేరిట జరిపే ఫిర్యాదుల సమావేశాలకూ ముద్ర పడిన ఆ ప్రతిని పట్టుకొని వెళ్ళవచ్చు. ఇవేవీ పనిచేయకపోతే పది రూపాయల రుసుముతో సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి. దానికి 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. అయితే అందులో “నా డబ్బు ఎప్పుడిస్తారు” అని అడగకండి, అది సమాచారం కిందికి రాదని తిప్పి పంపుతారు. నా క్లెయిము ఏ తేదీన అందింది, యజమానిని నిర్ధారణ కోరుతూ ఏ తేదీన రాశారు, దానికి వచ్చిన జవాబు ప్రతి ఇవ్వండి, ప్రస్తుతం ఫైలు ఏ అధికారి దగ్గర ఉంది అని అడగండి. యజమానికి ఉత్తరమే రాయలేదని ఆ జవాబులో తేలితే, జవాబు పోస్టయ్యేలోపే ఆ ఉత్తరం వెళ్ళిపోవడం నేను ఒకటికి రెండుసార్లు చూశాను.

ప్రశ్న: నా జీతం నెలకు 18,000 రూపాయలు. అటల్ పథకంలో సగం జీతం మూడు నెలలు ఇస్తారని విని, 27,000 వస్తాయనుకున్నాను. ఖాతాలో 22,000 చిల్లర పడ్డాయి. మిగిలిన డబ్బు ఎవరు తిన్నారు? (జీడిమెట్ల నుంచి)

జవాబు: ఎవరూ తినకపోయి ఉండవచ్చు. ముందు లెక్క చూద్దాం. ఏప్రిల్ నుంచి సెప్టెంబరు వరకు ఒక చందా కాలం, అక్టోబరు నుంచి మార్చి వరకు మరొకటి. సగటు దినసరి వేతనం కట్టేటప్పుడు మీ చివరి నెల జీతాన్ని కాక, నాలుగు చందా కాలాలలో, అంటే రెండేళ్ళలో, మీ పేర నమోదైన మొత్తం వేతనాన్ని 730తో భాగిస్తారు. ఇరవై నాలుగు నెలలూ 18,000 చొప్పున నమోదైతే మొత్తం 4,32,000. దాన్ని 730తో భాగిస్తే రోజుకు 591 రూపాయల 78 పైసలు. అందులో సగం 295 రూపాయల 89 పైసలు. 90 రోజులకు 26,630 రూపాయలు. ఇరవై నెలలే నమోదై ఉంటే మొత్తం 3,60,000 అవుతుంది, కాని భాగించేది మాత్రం అదే 730తో. అప్పుడు రోజుకు 246 రూపాయల 58 పైసలు, 90 రోజులకు 22,192 రూపాయలు. మీకు పడినది ఈ అంకెకు దగ్గరగా ఉంది కనుక, రెండేళ్ళలో ఓ నాలుగు నెలల వేతనం మీ పేర నమోదు కాలేదని నా అనుమానం.

ఆ నాలుగు నెలలు మీరు నిజంగా పనిలో లేకపోతే తగాదాకు ఆస్కారం లేదు. పనిచేసి, జీతం తీసుకొని, చందా కోయించుకున్నా అక్కడ సున్నాలు ఉంటే మాత్రం తగాదా మీకూ కార్పొరేషన్‌కూ కాదు, మీకూ యజమానికీ. అప్పుడు కింది జవాబు మీకూ వర్తిస్తుంది. మరొక మాట, ఈ సాయం జీవితకాలంలో 90 రోజులకే పరిమితం. కాబట్టి తప్పు లెక్కను సరే పోనిమ్మని వదిలేస్తే మళ్ళీ అడిగే అవకాశం రాదు.

ప్రశ్న: విశాఖపట్నం దగ్గర ఒక కర్మాగారంలో కాంట్రాక్టు కార్మికుడిగా పనిచేశాను. మూడేళ్ళలో ముగ్గురు కాంట్రాక్టర్లు మారారు, గేటు మాత్రం అదే, సూపర్‌వైజరూ అతనే. జీతం 15,000. పేస్లిప్పులో ఈఎస్ఐ కింద ప్రతి నెలా 113 రూపాయలు కోసేవారు. ఇప్పుడు పని పోయాక క్లెయిము పెడితే, 78 రోజుల చందా లేదని తిరస్కరించారు. చివరి కాంట్రాక్టరు ఫోను ఎత్తడం లేదు.

జవాబు: మీ తిరస్కరణకు రెండు కారణాలు ఉండవచ్చు. రెంటినీ విడివిడిగా చూడాలి. పథకం షరతు ఏమిటంటే, పని పోవడానికి ముందు కనీసం రెండేళ్ళు బీమా పరిధిలోని ఉద్యోగంలో ఉండాలి. పని పోవడానికి సరిగ్గా ముందున్న చందా కాలంలో 78 రోజులకు తగ్గకుండా, ఆ రెండేళ్ళలోని మిగతా మూడు చందా కాలాల్లో ఏదో ఒకదానిలోనైనా 78 రోజులకు తగ్గకుండా చందా చెల్లించి ఉండాలి.

మొదటి అనుమానం బీమా నంబరు మీద. కార్మికునికి జీవితాంతం ఒకే బీమా నంబరు ఉండాలి. కాంట్రాక్టరు మారిన ప్రతిసారీ పాత నంబరు అడిగే ఓపిక లేక కొత్తది పుట్టించడం మన పారిశ్రామిక వాడల్లో మామూలైపోయింది. దాంతో మీ మూడేళ్ళ చందా మూడు ముక్కలై, ఏ ముక్కా రెండేళ్ళకు చాలకుండా పోతుంది. ఇంట్లో ఉన్న ఈఎస్ఐ కాగితాలన్నీ, పాత పేస్లిప్పులన్నీ ఒక చోట పెట్టి, వాటి మీది పది అంకెల నంబర్లు సరిపోల్చండి. ఒకటికి మించి కనిపిస్తే, అవన్నీ ఒకే వ్యక్తివని ఆధార్ ప్రతితో చూపించి, వాటిని కలపమని బ్రాంచి కార్యాలయానికి రాతపూర్వకంగా దరఖాస్తు చేయండి. కలిపిన తర్వాత పాత క్లెయిమును మళ్ళీ పరిశీలించమని అదే దరఖాస్తులో కోరండి.

రెండో అనుమానం, కోసిన డబ్బు కట్టలేదని. 2019 జులై 1 నుంచి చందా రేటు కార్మికునికి 0.75 శాతం, యజమానికి 3.25 శాతం. మీ 15,000 మీద మీ వాటా 112 రూపాయల 50 పైసలు, పై రూపాయికి సర్ది 113 చేస్తారు. అంటే పేస్లిప్పులో ఉన్న అంకె సరైనదే. దానికి యజమాని వాటా 488 కలిపి, మరుసటి నెల 15వ తేదీలోపు జమ చేయాలి. ఆ 113 మీ జీతంలోంచి కోసిన క్షణం నుంచి అది మీ యజమాని సొమ్ము కాదు. కోసి కట్టకపోవడాన్ని పాత శిక్షాస్మృతి నమ్మక ద్రోహంగా లెక్కించింది, ఇప్పటి భారతీయ న్యాయ సంహిత 316వ సెక్షన్ కింది వివరణలోనూ అదే మాట ఉంది. పైగా 1948 నాటి ఈఎస్ఐ చట్టం 40వ సెక్షన్ కాంట్రాక్టు కార్మికుల చందా చెల్లించే మొదటి బాధ్యతను ప్రధాన యజమాని మీద, అంటే మీరు రోజూ ఏ గేటులోంచి లోపలికి వెళ్ళారో ఆ కర్మాగారం మీద పెట్టింది. కట్టిన తర్వాత దాన్ని కాంట్రాక్టరు దగ్గర రాబట్టుకోవడం వాళ్ళిద్దరి వ్యవహారం. కాబట్టి ఫోను ఎత్తని కాంట్రాక్టరును వెతకడం మానేసి, ఫిర్యాదులో కర్మాగారం పేరును మొదటి ప్రతివాదిగా రాయండి.

ఫిర్యాదును ఈఎస్ఐ ప్రాంతీయ లేదా ఉప ప్రాంతీయ కార్యాలయానికి ఇవ్వాలి. పేస్లిప్పులు, జీతం పడిన బ్యాంకు ఖాతా వివరాలు, గేటు పాసు, హాజరు కార్డు, ఉంటే షిఫ్టు వాట్సాప్ గ్రూపులోని సందేశాల ముద్రిత ప్రతులు జతచేయండి. బకాయి పడిన చందాను ఏటా 12 శాతం వడ్డీతో వసూలు చేసే అధికారం కార్పొరేషన్‌కు ఆ చట్టం ఇచ్చింది. యజమాని చందా కట్టకపోవడం వల్ల కార్మికునికి ప్రయోజనం దక్కకుండా పోయినప్పుడు, కార్పొరేషన్ ఆ ప్రయోజనాన్ని కార్మికునికి చెల్లించి, దానిని యజమాని నుంచి రాబట్టవచ్చని 68వ సెక్షన్ చెప్పింది. ఆ చట్టం స్థానంలో 2025 నవంబరు 21 నుంచి అమలులోకి వచ్చిన సామాజిక భద్రత కోడ్‌లోనూ ఆ సూత్రం కొనసాగింది. ఒక హెచ్చరిక మాత్రం ఉంది. ఆ సెక్షన్ చట్టంలో చెప్పిన ప్రయోజనాల కోసం రాసినది, అటల్ పథకమేమో కార్పొరేషన్ విడిగా పెట్టిన సాయం. కనుక దాన్ని మీ దరఖాస్తులో ఎత్తిచూపండి, కాని దాని మీదే భారం వేయకండి. బకాయి చందా వసూలై, ఆ రోజులు మీ నంబరులో చేరితే అసలు ఆ వాదనే అవసరం పడదు.

ప్రశ్న: నా క్లెయిము మంజూరైందని చెప్పారు. కాని డబ్బు బ్యాంకు నుంచి వెనక్కి పోయిందట. ఆధార్‌లో ఇంటిపేరు పూర్తిగా ఉంది, ఈఎస్ఐలో పొడి అక్షరం మాత్రమే ఉంది. బ్యాంకు పుస్తకంలో పెళ్ళికి ముందు ఇంటిపేరు ఉంది. (అనకాపల్లి నుంచి ఒక సోదరి)

జవాబు: అమ్మా, ఇది మన తెలుగువారికి ప్రత్యేకంగా తగులుకున్న చిక్కు. ఇంటిపేరు ముందు రాసే మన అలవాటు ఒక చోట పొడి అక్షరంగా, ఒక చోట పూర్తి మాటగా, ఇంకొక చోట పేరు చివరికి మారి, ఒకే మనిషిని ముగ్గురిని చేస్తుంది. ఆధార్‌ను కదపకండి. ఆధార్‌లో ఉన్నట్లుగా మిగతా రెంటినీ మార్పించండి. ముందు బ్యాంకులో పెళ్ళి ధ్రువపత్రంతో పేరు మార్పించి, కొత్త పేరు కనబడే పాసుపుస్తకం మొదటి పేజీ ప్రతి తీసుకోండి. దానిని, ఆధార్ ప్రతిని బ్రాంచి కార్యాలయంలో ఇచ్చి బీమా వివరాలు సరిచేయించండి. ఆ పని పూర్తయ్యాకనే చెల్లింపును మళ్ళీ పంపమని కోరండి. తొందరపడి ముందే అడిగితే అదే డబ్బు అదే దారిన మళ్ళీ వెనక్కి పోతుంది.

ప్రశ్న: ఎనిమిదేళ్ళు ఈఎస్ఐ కట్టాను. జీతం 23,000కు పెరిగాక కోత ఆగిపోయింది. అలా ఆగిన 14 నెలలకు ఉద్యోగం పోయింది. ఎనిమిదేళ్ళ చందా ఉంది కదా, భృతి ఇవ్వరా?

జవాబు: ఇవ్వరు. 2017 జనవరి 1న నిర్ణయించిన పరిమితి నెలకు 21,000 రూపాయలు. జీతం చందా కాలం మధ్యలో పరిమితి దాటితే ఆ కాలం చివరి వరకు బీమా కొనసాగుతుంది, ఆ తర్వాత ఆగిపోతుంది. పని పోవడానికి సరిగ్గా ముందున్న కాలంలో చందా ఉండాలన్నది షరతు కనుక, మీ ఎనిమిదేళ్ళు ఇక్కడ అక్కరకు రావు. ఇది అన్యాయమని నేనూ అనుకుంటాను. అయినా గెలవని దరఖాస్తు పెట్టుకొని ఆరు నెలలు ఎదురుచూడమని మీకు చెప్పలేను. మీ పీఎఫ్ ఖాతా వైపు దృష్టి పెట్టండి.

ప్రశ్న: గుంటూరు జిల్లాలో మేము పనిచేసే నూలు మిల్లు ఏడాదిగా నడవడం లేదు. మూసేశారా అని అడిగితే “మూయలేదు, తాత్కాలికంగా ఆపాము” అంటారు. కొందరు రాజీవ్ గాంధీ పథకం అంటున్నారు, కొందరు అటల్ పథకం అంటున్నారు. ఏది అడగాలి?

జవాబు: ఈ రెండింటి మధ్య తేడా చిన్నది కాదు. రాజీవ్ గాంధీ పథకం కర్మాగారం మూతపడటం వల్ల, చట్టప్రకారం జరిగిన సిబ్బంది తగ్గింపు వల్ల, లేదా పనితో సంబంధం లేని కారణంగా 40 శాతానికి తగ్గని శాశ్వత అంగవైకల్యం వల్ల పని పోయినవారికి వర్తిస్తుంది. మొదటి 12 నెలలు వేతనంలో 50 శాతం, 13వ నెల నుంచి 24వ నెల వరకు 25 శాతం ఇస్తారు. ఆ కాలంలో మీకూ మీ కుటుంబానికీ ఈఎస్ఐ వైద్యం కూడా కొనసాగుతుంది. 18,000 జీతగానికి రెండేళ్ళలో సుమారు 1,62,000 రూపాయలు. అటల్ పథకంలో అదే మనిషికి దక్కేది పైన లెక్కవేసిన 26,630. ఒకే కాలానికి రెండూ రావు. అందుచేత పెద్దదానికి అర్హత ఉన్నవారు చిన్నదానికి సంతకం పెట్టేముందు ఒక పూట ఆలోచించాలి.

మీ యాజమాన్యం “మూయలేదు” అని ఎందుకు అంటున్నదో ఊహించడం కష్టం కాదు. మూశామంటే మూసివేత పరిహారం ఇవ్వాలి. మూయలేదు, తాత్కాలికంగా పని ఆపామంటే అది లేఆఫ్ అవుతుంది, మూల వేతనం, కరువు భత్యం కలిపి అందులో సగం లేఆఫ్ పరిహారంగా ఇవ్వాలి. ఏదో ఒకటి యాజమాన్యం తేల్చి చెప్పాలి. కార్మికులందరూ కలిసి, ఇది ఏదో రాతపూర్వకంగా చెప్పమని యాజమాన్యానికి రాయండి, నకలు కార్మిక శాఖ ఉప కమిషనర్‌కు ఇవ్వండి. మిల్లు మూసివేత గురించి గాని, లేఆఫ్ గురించి గాని యాజమాన్యం ఇచ్చిన నోటీసులు ఏమైనా ఉంటే వాటి ప్రతులు ఇవ్వమని కార్మిక శాఖను సమాచార హక్కు కింద అడగండి. మూసివేత అని తేల్చే కాగితం ఒక్కటి చేతికి వస్తే అందరి క్లెయిములకూ అదే ఆధారం. విడివిడిగా వెళ్ళకుండా, బీమా నంబర్ల జాబితాతో ఒకే రోజు బ్రాంచి కార్యాలయానికి వెళ్ళండి. ఒక్కరి ఫైలును పక్కన పెట్టినంత సులువుగా వందమంది ఫైళ్ళను పక్కన పెట్టలేరు.

ప్రశ్న: టెక్సాస్‌లో డాలస్ దగ్గర ఉంటున్నాను. గ్రీన్ కార్డు ఉంది. సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ ఉద్యోగం పోయింది. రాజీనామా చేస్తే ఆరు వారాల జీతం ఇస్తాం, లేకపోతే తొలగిస్తామన్నారు. సంతకం పెట్టాను. ఇప్పుడు నేను స్వచ్ఛందంగా వదిలానని కంపెనీ చెప్పడంతో భృతి నిరాకరించారు. ఉత్తరం వచ్చి వారమైంది. మా తమ్ముడు హెచ్-1బీ మీద ఉన్నాడు, అతని ఉద్యోగమూ పోయేలా ఉంది. అతనికి ఈ భృతి వస్తుందా?

జవాబు: ఈ జవాబు చదివేసరికి మీ గడువు దాటిపోకూడదని మీకు విడిగా ముందే రాశాము. ఇతర పాఠకుల కోసం ఇక్కడ మళ్ళీ చెబుతున్నాను. అమెరికాలో నిరుద్యోగ బీమా 1935 సామాజిక భద్రత చట్టంతో వచ్చిన ఏర్పాటు. నడిపేది రాష్ట్రాలు కనుక నియమాలు రాష్ట్రానికొకటి. టెక్సాస్‌లో ఆ పని టెక్సాస్ వర్క్‌ఫోర్స్ కమిషన్‌ది. నిరాకరణ ఉత్తరం మీద ఉన్న, దాన్ని పోస్టు చేసిన తేదీ నుంచి 14 రోజుల్లో అప్పీలు చేయాలి. మీకు అందిన తేదీ నుంచి కాదు, మధ్యలో వచ్చే శని ఆదివారాలు కూడా లెక్కలోకే వస్తాయి. ఉత్తరం వచ్చి వారమైందంటే మీ చేతిలో వారం కూడా లేదన్నమాట. కారణాలన్నీ వివరంగా రాసేదాకా ఆగనక్కరలేదు. ఈ నిర్ణయంతో ఏకీభవించడం లేదు, అప్పీలు చేస్తున్నాను అని పంపి గడువు కాపాడుకోండి, వివరాలు విచారణలో చెప్పవచ్చు.

అప్పీలు నడుస్తున్నంత కాలం రెండు వారాలకోసారి చెల్లింపు కోరే పద్ధతిని ఆపవద్దు, ఉద్యోగ ప్రయత్నాల చిట్టా రాయడమూ ఆపవద్దు. అప్పీలు ఎలాగూ నడుస్తోంది కదా అని చాలామంది వీటిని మానేస్తారు. చివరికి గెలిచినా, అడగని వారాలకు డబ్బు రాదు.

ఇక తగాదా విషయం. తొలగించారని తేలితే, మీ దుష్ప్రవర్తన వల్లే తొలగించామని రుజువు చేయవలసిన భారం కంపెనీది. మీరే వదిలారని తేలితే, పనికి సంబంధించిన సరైన కారణంతోనే వదిలానని రుజువు చేయవలసిన భారం మీది. కాబట్టి మీ కేసు అంతా “లేకపోతే తొలగిస్తాం” అన్న ఆ ఒక్క మాట మీద ఆధారపడి ఉంది. ఆ మాట ఎవరు, ఏ రోజు, ఏ సమావేశంలో అన్నారో, అది మెయిల్‌లో గాని చాట్‌లో గాని ఎక్కడైనా నమోదైందో వెతకండి. కంపెనీ ల్యాప్‌టాప్ తిరిగి ఇచ్చేశారు కనుక, మీ సొంత మెయిల్‌కు వచ్చిన ఒప్పంద పత్రంతో మొదలుపెట్టండి. అదే పత్రంలో మరో సంగతీ చూడాలి. నోటీసుకు బదులుగా ఇచ్చే జీతం టెక్సాస్‌లో భృతిని అన్ని వారాలు వెనక్కి నెడుతుంది. కంపెనీ మీద దావా వేయనని మీచేత హక్కులు వదిలించుకున్నందుకు ప్రతిఫలంగా ఇచ్చిన డబ్బు అలా లెక్కకు రాదు. మీ ఆరు వారాల జీతం రెండో రకానిదైతే, ఆ వాక్యానికి గుర్తు పెట్టి విచారణకు పంపండి.

మీ తమ్ముడికి మాత్రం సాధారణంగా రాదు. పని దొరికితే వెంటనే చేరడానికి చట్టరీత్యా వీలున్నవారికే ఈ భృతి. ఉద్యోగం పోయిన హెచ్-1బీ వారికి మరో యజమాని పిటిషను వేసేదాకా ఆ వీలు లేదు. అతనికి ఉండేది 60 రోజుల వరకు గడువు, అమెరికాలో ఉండటానికి అనుమతించిన తేదీని తెలిపే ఐ-94 పత్రం గడువు అంతకంటే ముందే ముగిస్తే అంతవరకే. అతను భృతి సంగతి పక్కన పెట్టి ఇప్పటినుంచే కొత్త యజమానిని వెతుక్కోవడం మంచిది. మీరు భృతి తీసుకుంటే రేపు ఇమిగ్రేషన్‌లో ప్రభుత్వం మీద ఆధారపడ్డారని అంటారేమోనని మీ ఉత్తరం చివర భయపడ్డారు. నిరుద్యోగ బీమాను ఆ లెక్కలోకి తీసుకోరు.

విచారణ ఫోనులోనే జరుగుతుంది. నోటీసులో ఇచ్చిన సూచనలు ముందురోజే చదువుకొని, పత్రాలు కమిషన్‌కూ కంపెనీకీ ముందుగానే చేరేలా పంపండి. ఆంగ్లంలో వాదించడానికి ఇబ్బంది అనిపిస్తే దుబాసీ కావాలని ముందుగా కోరవచ్చు. ఆ గంట సేపు కారులో, పిల్లల బడి దగ్గర వరుసలో ఉండకండి. కాగితాలు ఎదురుగా పరచుకొని, తలుపు వేసుకొని, ఛార్జింగ్ నిండిన ఫోనుతో కూర్చోండి.